రష్యన్‌లో రాయడం, చదవడం: కంప్యూటర్‌లో ఏ మార్పు దేనికి?

రష్యన్ నేర్చుకోవడం మొదలుపెట్టినవారైనా, వైద్యవిద్య కోసం రష్యా వెళ్లే తెలుగు విద్యార్థులైనా, అక్కడి సంస్థలతో ఉత్తరప్రత్యుత్తరాలు నడిపేవారైనా మొదట చేసే పని దాదాపు ఒకటే. కంప్యూటర్ సెట్టింగ్స్ తెరిచి ‘రష్యన్’ అన్న మాట ఎక్కడ కనిపిస్తే అక్కడ నొక్కేస్తారు. తీరా చూస్తే మెనూలన్నీ ఇంకా చదవడం రాని భాషలోకి మారి కూర్చుంటాయి. టైపు చేయబోతే ఇంగ్లిష్ అక్షరాలే పడతాయి. ఎవరో పంపిన పాత ఫైలు తెరిస్తే అందులో రష్యనూ ఉండదు, ఇంగ్లిషూ ఉండదు. నెత్తిన గీతలూ చుక్కలూ ఉన్న లాటిన్ అచ్చులు వరుసగా దర్శనమిస్తాయి.

ఇందులో రష్యన్ లిపి తప్పేమీ లేదు. నిజానికి కంప్యూటర్‌కు తెలుగు కన్నా రష్యన్ చాలా తేలిక. ఒక మీట నొక్కితే ఒక అక్షరం పడుతుంది. గుణింతాలు లేవు, వత్తులు లేవు. చిక్కంతా ఒకదానితో ఒకటి సంబంధం లేని నాలుగు సెట్టింగ్‌లను ‘రష్యన్’ అనే ఒకే పేరుతో పిలవడంలో ఉంది.

సంక్షిప్తంగా

నేటి కంప్యూటర్లలో రష్యన్ చదవడానికి ఏ సెట్టింగూ మార్చనవసరం లేదు. టైపు చేయడానికి కీబోర్డు లేఅవుట్ ఒక్కటి చేర్చుకుంటే చాలు. 1990ల నాటి, 2000ల తొలినాళ్ల నాటి ఫైళ్లు సరిగా కనిపించకపోతే కారణం కీబోర్డూ కాదు, ఫాంటూ కాదు, ఎన్‌కోడింగ్, అంటే ఏ సంఖ్యకు ఏ అక్షరమో చెప్పే పట్టిక. మెనూల భాషకూ ఈ మూడింటికీ సంబంధమే లేదు.

ఒకే పేరు, నాలుగు పనులు

మొదటిది ప్రదర్శన భాష. మెనూలు, హెచ్చరికలు, బటన్ల మీద మాటలు ఏ భాషలో కనిపించాలో ఇది నిర్ణయిస్తుంది. రష్యన్ టైపు చేయాలనుకునేవారికి దీనితో పని లేదు. విండోస్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ విభాగంలోకి వెళ్లి రష్యన్‌ను చేర్చేటప్పుడు, దాన్నే విండోస్ ప్రదర్శన భాషగా పెట్టాలా అని అడిగే గడి ఒకటి వస్తుంది. అక్కడ టిక్ తీసేస్తే సరిపోతుంది. మన దేశంలో అమ్ముడయ్యే చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ ‘సింగిల్ లాంగ్వేజ్’ రకం ఉంటుంది. అందులో ప్రదర్శన భాషను మార్చుకునే వీలు లేదన్న సందేశం చూసి, ఈ యంత్రంలో రష్యన్ పని చేయదని కొందరు నిర్ణయించుకుంటారు. అది పొరపాటు. ఆ ఆంక్ష మెనూలకే. కీబోర్డులు ఎన్నైనా చేర్చుకోవచ్చు.

రెండోది కీబోర్డు లేఅవుట్, అంటే ఏ మీటకు ఏ అక్షరం అన్నది. మూడోది తేదీలు, అంకెలు, కరెన్సీ గుర్తుల పద్ధతి. దీన్ని రష్యాకు మారిస్తే దశాంశ బిందువు స్థానంలో కామా వస్తుంది. ఎక్సెల్‌లో లెక్కలు చేసేవారు తెలియక ముట్టుకుంటే ఇబ్బంది పడేది ఇక్కడే. నాలుగోది విండోస్‌లో బాగా లోపల దాగి ఉంటుంది: ‘యూనికోడ్ కాని ప్రోగ్రాముల భాష’. పేరు చూసి భయపడనక్కరలేదు గానీ, అవసరం లేకుండా మార్చకూడదు. అన్ని లిపులకూ ఒకే పట్టిక అయిన యూనికోడ్ రాకముందు పద్ధతిలో రాసిన రష్యన్ ప్రోగ్రాములను, ఉదాహరణకు పాత నిఘంటువులను, పాత అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌ను నడపాల్సి వచ్చినప్పుడే దీని అవసరం. ఇది కంప్యూటర్ మొత్తానికి వర్తిస్తుంది, మార్చాక రీస్టార్ట్ చేయాలి. ఇక్కడ కనిపించే భాషల జాబితాకు ఆధారం పాత కోడ్ పేజీలు, అంటే ఒక్కో లిపికి ఒక్కో సంఖ్యల పట్టిక. తెలుగుకు విండోస్‌లో ఈ సెట్టింగ్‌కు పనికొచ్చే కోడ్ పేజీ ఏనాడూ లేదు. మన లిపి అందులోకి యూనికోడ్ ద్వారానే వచ్చింది.

మ్యాక్‌లో కీబోర్డు సెట్టింగ్స్‌లోని ఇన్‌పుట్ సోర్సెస్‌లో, లినక్స్‌లో కీబోర్డు అమరికల్లో రష్యన్ దొరుకుతుంది. అక్కడ ఇన్ని తలుపులు లేవు కనుక గందరగోళమూ తక్కువే.

మీటల అమరిక: ఇరవై ఆరు మీటలు, ముప్పై మూడు అక్షరాలు

రష్యన్‌లో 33 అక్షరాలు. ఇంగ్లిష్ కీబోర్డులో అక్షరాల మీటలు 26. మిగిలిన ఏడు అక్షరాలు విరామ చిహ్నాల మీటలను ఆక్రమించుకున్నాయి: రెండు చదరపు బ్రాకెట్లు, సెమీకోలన్, కొటేషన్, కామా, ఫుల్‌స్టాప్ మీటలు, ఎస్కేప్ కింద మూలన ఉండే మీట. అలవాటు లేనివారికి తొలి రోజుల్లో చికాకు పుట్టించేది ఇదే. కామా అనుకుని నొక్కితే ‘బె’ అక్షరం, ఫుల్‌స్టాప్ అనుకుని నొక్కితే ‘యు’ అక్షరం పడతాయి. విండోస్ రష్యన్ అమరికలో ఫుల్‌స్టాప్ స్లాష్ మీట మీద ఉంటుంది, కామా కావాలంటే షిఫ్ట్‌తో కలిపి అదే మీట నొక్కాలి. ప్రశ్నార్థకం షిఫ్ట్‌తో 7 మీద ఉంటుంది. మ్యాక్‌లో ‘రష్యన్’ అని మాత్రమే పేరున్న అమరికలో విరామ చిహ్నాల చోట్లు మళ్లీ వేరు. విండోస్ అలవాటు ఉన్నవారు ‘రష్యన్ – పీసీ’ అన్నదాన్ని ఎంచుకోవాలి.

ఈ ప్రామాణిక అమరికను పై వరుసలోని మొదటి ఆరు అక్షరాలను బట్టి ‘యత్సుకెన్’ అంటారు. ఇంగ్లిష్ వారి క్వెర్టీ లాగా ఇదీ టైపు మిషన్ల కాలం నాటిదే. 1918 లిపి సంస్కరణలో కొన్ని అక్షరాలను తొలగించాక ఇప్పటి రూపం స్థిరపడింది. ఇందులో ఎక్కువగా వాడే అక్షరాలు మధ్యలో, బలమైన వేళ్లకు అందేలా ఉంటాయి. ఎఫ్, జె మీటల మీద చూపుడువేళ్లకు ఆనవాలుగా చిన్న ఉబ్బెత్తు గీతలు ఉంటాయి కదా. రష్యన్‌లో ఆ రెండూ ‘అ’, ‘ఒ’ అక్షరాలు, ఆ భాషలో అత్యధికంగా వచ్చే అచ్చుల్లోవి. అరుదైన అక్షరాలు చిటికెన వేలి దగ్గరికి, అంచులకు వెళ్లాయి.

దీనికి పోటీగా ఉన్నది ధ్వని ఆధారిత అమరిక. ఎ మీట నొక్కితే ‘అ’, కె నొక్కితే ‘క’, టి నొక్కితే ‘త’ ధ్వని అక్షరం వస్తాయి. విండోస్‌లో ‘రష్యన్ – నెమోనిక్’ పేరుతో ఇలాంటిది ఉంది. మ్యాక్, లినక్స్‌లలోనూ ఉన్నాయి. తెలుగులో ఇన్‌స్క్రిప్ట్ అనే ప్రామాణిక అమరికకూ, ఇంగ్లిష్ స్పెల్లింగ్ కొట్టి తెలుగు రాబట్టే పద్ధతికీ మధ్య నడిచే వాదమే ఇక్కడా నడుస్తుంది. అయితే ఒక తేడాను గమనించాలి. తెలుగువారిలో లిప్యంతరీకరణతో టైపు చేసేవారు కోకొల్లలు. అందువల్ల ఆ అలవాటు ఏ ఆఫీసుకు వెళ్లినా పనికొస్తుంది. రష్యాలో పరిస్థితి వేరు: అక్కడి ప్రతి కీబోర్డు మీద లాటిన్ అక్షరం పక్కనే యత్సుకెన్ అక్షరం కూడా ముద్రించి ఉంటుంది. విశ్వవిద్యాలయ గ్రంథాలయంలోనైనా, ఆసుపత్రి రిసెప్షన్‌లోనైనా అదే. ధ్వని ఆధారిత అమరికల్లో ఒకదానికీ మరొకదానికీ పొంతన కూడా లేదు. ‘ష’, ‘ష్చ’, ‘చ’ వంటివాటిని ఒక్కో వ్యవస్థ ఒక్కో మీట మీద పెట్టింది. నెలకు నాలుగు వాక్యాలు రాసేవారికి ధ్వని పద్ధతి చాలు. అక్కడ ఏళ్ల తరబడి ఉండబోయేవారు మొదటి రోజు నుంచే యత్సుకెన్ నేర్చుకోవడం మేలు. ఒకసారి వేళ్లకు పట్టిన అలవాటును తర్వాత వదిలించుకోవడం కష్టం.

మన కీబోర్డుల మీద రష్యన్ ముద్ర ఉండదు కనుక పారదర్శక స్టిక్కర్లు కొని అంటించుకునేవారు ఉన్నారు. తెర మీది కీబోర్డును తెరిచి పెట్టుకున్నా అదే పని జరుగుతుంది, పైగా చూపు మీటల మీద కాకుండా తెర మీద నిలుస్తుంది. ఫోనులో ఈ బాధ లేదు. కానీ అక్కడ చోటు చాలక రెండు అక్షరాలను దాచేశారు: ‘యె’ మీటను నొక్కి పట్టుకుంటే రెండు చుక్కల ‘యొ’, మెత్తని గుర్తు మీటను నొక్కి పట్టుకుంటే గట్టి గుర్తు వస్తాయి.

రెండు అమరికలున్న ప్రతి కంప్యూటర్‌లోనూ తప్పని తలనొప్పి ఒకటుంది. విండోస్ మీట, స్పేస్ బార్ కలిపి నొక్కితే భాష మారుతుంది. మారిన సంగతి గమనించకుండానే టైపు చేస్తూ పోతాం. రష్యన్‌లో పలకరింపు మాట ‘ప్రివేత్’ను ఇంగ్లిష్ అమరిక ఉండగా కొడితే జి, హెచ్, బి, డి, టి, ఎన్ అనే ఆరు అక్షరాలు పడతాయి. రష్యన్లు దీన్ని ఎంత తరచుగా చూస్తారంటే, ఆ అక్షరాలను చూడగానే అసలు మాటను పోల్చుకోగలరు. అమరిక తప్పిందని పసిగట్టి దానంతటదే సరిచేసే ‘పుంటో స్విచర్’ అనే ప్రోగ్రామును యాండెక్స్ సంస్థ అందిస్తోంది. పాస్‌వర్డ్ దగ్గర మాత్రం ఇది నవ్వులాట కాదు. అక్షరాల బదులు చుక్కలే కనిపిస్తాయి కనుక ఏ భాషలో పడుతున్నాయో తెలియదు. లాగిన్ తెర మీద పాస్‌వర్డ్ పదే పదే తప్పని వస్తుంటే మొదట చూడాల్సింది ఆ మూలనున్న భాష గుర్తునే.

194 అనే సంఖ్యకు ఎన్ని అర్థాలు?

కంప్యూటర్ అక్షరాలను దాచదు, సంఖ్యలను దాచుతుంది. ఏ సంఖ్యకు ఏ అక్షరమన్న ఒప్పందమే ఎన్‌కోడింగ్. పాత పద్ధతిలో ఒక అక్షరానికి ఒక బైటు, అంటే 256 సంఖ్యలు. మొదటి 128 ఇంగ్లిష్‌కు, అంకెలకు, చిహ్నాలకు కేటాయించారు. మిగిలిన 128లో ఏ లిపిని ఎలా సర్దాలన్నది ఎవరికి వారు నిర్ణయించుకున్నారు. రష్యన్ విషయంలో ఆ ‘ఎవరికి వారు’ అన్నది శ్రుతి మించింది.

సోవియట్ ప్రమాణంగా 1974లో వచ్చిన కోయి-8 నుంచి పుట్టిన కోయి8-ఆర్ యూనిక్స్ యంత్రాల్లో, తొలినాళ్ల ఈమెయిళ్లలో రాజ్యమేలింది. ఇంటర్నెట్ అవసరాల కోసం దాని వివరణ పత్రం 1993లో వెలువడింది. విండోస్‌కు ముందు తరం డాస్‌లో సీపీ866 నడిచింది. విండోస్ తనదంటూ 1251ని తెచ్చింది. అంతర్జాతీయ ప్రమాణాల సంస్థ ఐఎస్ఓ 8859-5ను ప్రకటించింది గానీ రష్యాలో దాన్ని పట్టించుకున్నవారు తక్కువ. ఆపిల్‌కు సొంత పట్టిక ఉండనే ఉంది.

ఉదాహరణకు 194ను తీసుకోండి. విండోస్-1251 ప్రకారం అది పెద్ద ‘వె’. కోయి8-ఆర్‌లో చిన్న ‘బె’. ఐఎస్ఓ పట్టికలో పెద్ద ‘తె’. డాస్ పట్టికలో అసలు అక్షరమే కాదు, పట్టికలు గీయడానికి వాడే గీత ముక్క. పశ్చిమ ఐరోపా పట్టికలో టోపీ పెట్టుకున్న ఎ. ఫైలులో ఉన్నది మాత్రం ఒకే సంఖ్య. విండోస్‌లో రాసిన ‘వప్రోస్’ అనే మాటను కోయి8-ఆర్‌గా చదివితే ‘బ్నోప్న్యా’ అని, నోరు తిరగని మాట ఒకటి వస్తుంది. ఇలాంటి చెత్త అక్షరాలను రష్యన్లు ‘క్రకజ్యాబ్రి’ అని పిలుస్తారు.

వీటిలో కోయి8 కూర్పు వెనుక ఒక తెలివైన ఆలోచన ఉంది. దీన్ని తయారుచేసినవారు రష్యన్ అక్షరాలను వర్ణమాల క్రమంలో పెట్టలేదు. ఒక్కో అక్షరాన్ని దాని ధ్వనికి దగ్గరగా ఉండే లాటిన్ అక్షరానికి సరిగ్గా 128 స్థానాలు పైన ఉంచారు. ఆ రోజుల్లో కొన్ని యంత్రాలు, ప్రసార మార్గాలు ఎనిమిదో బిట్‌ను కత్తిరించేసేవి, అంటే ప్రతి సంఖ్య నుంచీ 128 పోయేది. మరే పట్టికలోనైనా అలా జరిగితే ఉత్తరం బూడిదే. కోయి8లో మాత్రం ‘ప్రివేత్’ కాస్తా లాటిన్ అక్షరాల్లో పి, ఆర్, ఐ, డబ్ల్యూ, ఇ, టి అని మిగులుతుంది. పెద్ద అక్షరాలు చిన్నవిగా, చిన్నవి పెద్దవిగా తారుమారవుతాయి, అంతే. చదువుకోవచ్చు. దీనికి చెల్లించిన మూల్యం మరోచోట ఉంది: సంఖ్యల క్రమంలో పేర్లను అమర్చితే అది రష్యన్ అకారాది క్రమం కాదు.

ఇలా దెబ్బతిన్న పాఠం పూర్తిగా నాశనమైనట్లు కాదనడానికి ఒక తపాలా కవరు ఫొటో సాక్ష్యంగా ఇప్పటికీ తిరుగుతూ ఉంటుంది. రష్యాలోని విద్యార్థిని తన చిరునామాను ఫ్రాన్స్‌లోని స్నేహితుడికి ఈమెయిల్‌లో పంపింది. అతని కంప్యూటర్ కోయి8-ఆర్‌ను పశ్చిమ ఐరోపా అక్షరాలుగా చూపించింది. అదే రష్యన్ లిపి కాబోలనుకుని అతను గీతలూ టోపీలతో సహా ఓపికగా కవరు మీద చేత్తో రాసి పంపాడు. రష్యన్ తపాలా ఉద్యోగులు ఒక్కో అక్షరం పైనా అసలు అక్షరాన్ని ఎర్ర సిరాతో రాసి, ఉత్తరాన్ని చేర్చారు. అది సాధ్యపడిందంటే కారణం ఒక్కటే: తప్పు పట్టికతో చదివినా ఒక అక్షరానికి బదులు ఎప్పుడూ ఒకే అక్షరం వస్తుంది.

తెలుగు పాఠకులకు ఇక్కడ పాత అలవాటు ఒకటి అడ్డొస్తుంది. యూనికోడ్‌కు ముందు తెలుగు డీటీపీ ప్రపంచంలో ఒక్కో ఫాంట్‌కు ఒక్కో సొంత పట్టిక ఉండేది. ఫైలు చెత్తగా కనిపిస్తే ఆ ఫాంట్ తెచ్చి పెట్టుకోవడమే మందు. అదే మందును రష్యన్‌కూ వేయబోయి, రష్యన్ ఫాంట్ల కోసం వెతకడంలో సమయం వృథా చేసుకుంటారు. రష్యన్ పాఠం విషయంలో ప్రధానంగా మారేది ఫాంట్ కాదు, సంఖ్యల పట్టిక. ఎన్ని ఫాంట్లు మార్చినా పట్టిక తప్పుగా ఉన్నంతకాలం చెత్త చెత్తగానే ఉంటుంది.

చెత్తను చూసి కారణం చెప్పవచ్చు

యూనికోడ్ వచ్చాక అన్ని లిపులకూ ఒకే పట్టిక ఏర్పడింది. దాన్ని నిల్వ చేసే పద్ధతుల్లో ప్రధానమైన యూటీఎఫ్-8లో ఒక్కో రష్యన్ అక్షరానికి రెండు బైట్లు, ఒక్కో తెలుగు అక్షరానికి మూడు. రష్యన్‌లో ఆ జంటలోని మొదటి బైటు ఎప్పుడూ 208 లేదా 209. అందుకే యూటీఎఫ్-8 పాఠాన్ని పొరపాటున 1251గా చదివితే ప్రతి రెండో అక్షరమూ ‘ఎర్’ లేదా ‘ఎస్’ అవుతుంది. దాన్నే పశ్చిమ ఐరోపా పట్టికతో చదివితే అడ్డగీత ఉన్న డి, నెత్తిన అల ఉన్న ఎన్ మాటిమాటికీ వస్తాయి. ఇదే తప్పు తెలుగు పాఠానికి జరిగితే గీత పెట్టిన ఎ, దాని పక్కన డిగ్రీ గుర్తు లేదా కూడిక-తీసివేత గుర్తు వరుసగా కనిపిస్తాయి. పాత తెలుగు ఫైళ్లతో కుస్తీ పట్టినవారికి అవి పరిచయమే.

అలాంటి పునరావృతం లేకుండా టోపీలు, గీతలు ఉన్న లాటిన్ అచ్చులే నిండి ఉంటే అది 1251ను గానీ, కోయి8ను గానీ పశ్చిమ ఐరోపా పట్టికతో చదివిన ఫలితం. అక్షరాల స్థానంలో ఖాళీ గడులు కనిపిస్తే పాఠం క్షేమంగా ఉందని, ఫాంట్‌లో ఆ అక్షరాలు లేవని అర్థం. అన్నీ ప్రశ్నార్థకాలే అయితే ఆశ వదులుకోవాల్సిందే. రష్యన్ అక్షరాలకు చోటు లేని పట్టికలో ఎవరో ఆ ఫైలును సేవ్ చేశారు, ప్రతి అక్షరమూ నిజంగానే ప్రశ్నార్థకంగా మారిపోయింది.

సరిచేసే మార్గాలు ఒక్కో ప్రోగ్రాములో ఒక్కో చోట ఉన్నాయి. ఎన్‌కోడింగ్ ఎంచుకునే మెనూను క్రోమ్ తీసేసి చాలా కాలమైంది. ఫైర్‌ఫాక్స్‌లో పాఠం ఎన్‌కోడింగ్‌ను బాగుచేయమని అడిగే ఆదేశం ఉంది. సాధారణ పాఠం ఫైలును వర్డ్‌లోనో, లిబ్రేఆఫీస్‌లోనో తెరిచేటప్పుడు ఏ పట్టికో ఎంచుకోవచ్చు. మొదట 1251, తర్వాత కోయి8-ఆర్, ఆపై 866 ప్రయత్నిస్తే సాధారణంగా ఏదో ఒకటి పలుకుతుంది. ఎక్సెల్‌లో సీఎస్‌వీ ఫైలును నేరుగా రెండుసార్లు నొక్కి తెరవకూడదు. డేటా విభాగం నుంచి దిగుమతి చేసుకుంటే అక్కడ పట్టికను ఎంచుకునే వీలుంటుంది. యూటీఎఫ్-8కి సంఖ్య 65001. రష్యన్ విండోస్‌లో చేసిన పాత జిప్ ఫైళ్లలో లోపలి పాఠం 1251లో, ఫైళ్ల పేర్లు మాత్రం డాస్ నాటి 866లో ఉండటం మామూలే. డాస్ పోయినా దాని పట్టిక జిప్‌లో బతికే ఉంది.

ఫాంట్లు, వాలు అక్షరాలు

ఫాంట్ల గురించి చెప్పుకోవాల్సింది తక్కువ. ఏరియల్, టైమ్స్ న్యూ రోమన్, కాలిబ్రి వంటివాటిలో రష్యన్ అక్షరాలు ఉన్నాయి. రష్యా సమాఖ్యలోని ఇతర భాషలకూ పనికొచ్చేలా పారాటైప్ సంస్థ రూపొందించిన పీటీ సాన్స్, పీటీ సెరిఫ్ ఉచితం. కొత్తవారిని తికమక పెట్టేది వాలు అక్షరాలు. చిన్న ‘తె’ వాలితే లాటిన్ ఎమ్‌లా, ‘పె’ ఎన్‌లా, ‘ఇ’ యులా మారుతుంది. అది ఫాంట్ పాడవడం కాదు, చేతిరాత నుంచి వచ్చిన రూపం.

కంటికి ఒకటి, యంత్రానికి మరొకటి

రష్యన్ పెద్ద అక్షరాల్లో పన్నెండింటికి లాటిన్‌లో జంటలు ఉన్నాయి. రష్యన్ వాహనాల నంబర్ ప్లేట్ల మీద ఆ పన్నెండే వాడతారు, ఏ దేశంలోనైనా చదవగలిగేలా. మనిషికి ఇది సౌకర్యం, కంప్యూటర్‌కు ఉచ్చు. లాటిన్ ఎకు ఒక సంఖ్య, రష్యన్ ‘అ’కు మరో సంఖ్య. తెర మీద ఒకేలా ఉన్నా వెతుకులాటలో దొరకవు. అన్నింటికన్నా మోసకారి ‘ఎస్’ అక్షరం. అది లాటిన్ సిలాగే కనిపిస్తుంది, కీబోర్డు మీద కూడా సరిగ్గా సి మీట మీదే ఉంటుంది. కనుక అమరిక మారలేదన్న అనుమానమే రాదు. కోర్సు కోడు, ఫైలు పేరు, దరఖాస్తు సంఖ్య వంటివాటిలో ఒక సి మాత్రం రష్యన్ అయితే అది కంటికి ఎప్పటికీ దొరకదు. నకిలీ వెబ్ చిరునామాలకూ ఇదే దారి. అందుకే రెండు లిపులు కలిసిన డొమైన్ పేర్లను బ్రౌజర్లు అలాగే చూపించకుండా ఎక్స్, ఎన్‌తో మొదలయ్యే సంకేత రూపంలో చూపిస్తాయి. రష్యన్ లిపిలోనే ఉండే ‘ఎర్-ఎఫ్’ డొమైన్ 2010లో వచ్చింది. ఆ చిరునామాలు టైపు చేయాలంటే రష్యన్ కీబోర్డు తప్పనిసరి.

వరుసలో లేని అక్షరం

యూనికోడ్‌లో రష్యన్ పెద్ద అక్షరాలు 1040 నుంచి 1071 వరకు, చిన్నవి 1072 నుంచి 1103 వరకు వరుసగా ఉన్నాయి. అవి 32 చొప్పున. ముప్పై మూడోది, రెండు చుక్కల ‘యొ’, వరుసకు బయట పడింది: పెద్దది 1025, చిన్నది 1105. సంఖ్యలను బట్టి పేర్లను అమర్చే నాసిరకం ప్రోగ్రాములో ఈ అక్షరంతో మొదలయ్యేవి జాబితా మొదట్లోనో చివర్లోనో తేలుతాయి. మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం వరకే అనుమతించే దరఖాస్తు ఫారాలు ఈ అక్షరమున్న పేరును తిరస్కరిస్తాయి.

కీబోర్డు మూలన ఉండటం దీని దురదృష్టాన్ని పెంచింది. 1942లో బడుల్లో దీన్ని తప్పనిసరి చేశారు గానీ ఆ పట్టుదల నిలవలేదు. 1956 నియమాలు దీన్ని చాలావరకు ఐచ్ఛికం చేశాయి. ఇప్పుడు మామూలు రాతలో చుక్కలు లేని ‘యె’తోనే నెట్టుకొస్తారు, చదివేవారు సందర్భాన్ని బట్టి సర్దుకుంటారు. అధికారిక కాగితాల్లో పేరు ఒకచోట చుక్కలతో, మరోచోట లేకుండా ఉంటే అవి రెండు వేర్వేరు పేర్లన్న అభ్యంతరం రావచ్చు.

తెలుగు విద్యార్థుల పేర్లకు ఈ చిక్కు ఇంకో రూపంలో ఎదురవుతుంది. రష్యన్‌లో ‘హ’కు సరైన అక్షరం లేదు, ‘ఖ’తో రాయడం ఇప్పటి పద్ధతి, ‘గ’తో రాయడం పాత పద్ధతి. హైదరాబాద్‌ను ‘ఖ’తో రాస్తారు, హామ్లెట్ మాత్రం అక్కడ ఇప్పటికీ గామ్లెట్టే. పాస్‌పోర్టుకు నోటరీ చేయించిన రష్యన్ అనువాదంలో పేరు ఏ అక్షరాలతో పడిందో అదే విద్యార్థి ఐడీ కార్డులోనూ, రిజిస్ట్రేషన్‌లోనూ, బ్యాంకులోనూ కొనసాగుతుంది. ఆ పేరును ఒకసారి రష్యన్ లేఅవుట్‌లో జాగ్రత్తగా టైపు చేసి, ఒక్కో అక్షరాన్నీ అనువాద పత్రంతో సరిపోల్చి, యూటీఎఫ్-8 ఫైలుగా దాచుకోవాలి. తర్వాత ప్రతి ఫారంలోనూ దాన్నే కాపీ చేసి అతికించాలి. ప్రతిసారీ కొత్తగా టైపు చేస్తే రష్యన్ ‘ఎస్’ బదులు లాటిన్ సి ఎప్పుడు దూరిందో ఎవరికీ తెలియదు.